ఇంట్లో వైర్‌కట్ యంత్రం: తీగ మాటిమాటికీ ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: పాత త్రీడీ ప్రింటర్ చట్రం మీద సొంతంగా వైర్‌కట్ యంత్రం (సన్నని తీగ నుంచి వచ్చే స్పార్కులతో లోహాన్ని కోసేది) తయారు చేసుకుంటున్నాను. 60 వోల్టుల డీసీ సరఫరా, 10 ఓంల రెసిస్టెన్స్, 100 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పెట్టాను. తీగ 0.25 మి.మీ. ఇత్తడిది. తొట్టిలో కుళాయి నీళ్లు పోశాను. హార్డెనింగ్ చేసిన 10 మి.మీ. టూల్ స్టీలు పలకను నిమిషానికి 2 మి.మీ. వేగంతో కోస్తుంటే స్పార్కులు బాగానే వస్తున్నాయి కానీ, కాసేపటికే తీగ తెగిపోతోంది. వోల్టేజీ పెంచాలా? ఇంటి కరెంటును బ్రిడ్జి రెక్టిఫయర్‌తో డీసీగా మార్చి, మధ్యలో బల్బు పెట్టి వాడుకోవచ్చని ఒకరు చెప్పారు. నిజమేనా? నీళ్లకు బదులు కిరోసిన్ మేలా? కోతలో 0.01 మి.మీ. కచ్చితత్వం వస్తుందా?

సమాధానం: మీ ప్రశ్నల్లో అన్నింటికన్నా ముందు జవాబు చెప్పవలసినది ఇంటి కరెంటు గురించి. దయచేసి ఆ పని చేయకండి. 230 వోల్టుల ఏసీని బ్రిడ్జితో మార్చితే కెపాసిటర్ మీద నిలిచేది దాదాపు 325 వోల్టుల డీసీ. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేదు కనుక తీగ, జాబ్ (కోస్తున్న లోహపు ముక్క), తొట్టిలోని నీళ్లు, ఆ నీళ్లు చిందిన చట్రం అన్నీ నేరుగా కరెంటు లైనుతో కలిసిపోతాయి. బల్బు కరెంటుకు అడ్డుకట్ట వేస్తుందన్న మాట కొంతవరకే నిజం. వెలుగుతున్న 100 వాట్ల బల్బు కూడా 0.4 ఆంపియర్లకు పైగా దాటనిస్తుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు. పైగా కెపాసిటర్‌లో అప్పటికే నిండి ఉన్న శక్తికి, మీ చేతికి మధ్య ఆ బల్బు ఉండనే ఉండదు. ఈ యంత్రంలో తడి చేతులతో తీగ సర్దడం, నీళ్లలోకి చెయ్యి పెట్టి జాబ్‌ను తడిమి చూడడం రోజూ జరిగే పనులు కాబట్టి, ఇక్కడ జాగ్రత్తగా ఉంటే చాలు అనుకోవడానికి వీల్లేదు.

మీ 60 వోల్టుల సరఫరా చాలు, అదే వాడండి. అయితే దాని అవుట్‌పుట్ ఇంటి లైనుతో ఏ సంబంధమూ లేకుండా విడిగా ఉందో లేదో మొదట నిర్ధారించుకోండి. తడి చేతులకు 60 వోల్టులు కూడా నిరపాయం కాదు. ఇంట్లో ఎర్త్ లీకేజీ బ్రేకరు ఉన్నా, ట్రాన్స్‌ఫార్మర్ దాటిన తర్వాత రెండు కొసలనూ ఒకేసారి ముట్టుకున్న మనిషిని అది గుర్తుపట్టలేదు. కనుక తొట్టికి మూత పెట్టి, ఆ మూత తెరవగానే సరఫరా రెండు కొసలూ విడిపోయేలా స్విచ్ అమర్చండి. కెపాసిటర్‌కు అడ్డంగా కొన్ని కిలో ఓంల రెసిస్టెన్స్‌ను శాశ్వతంగా కలపండి, సరఫరా ఆపిన వెంటనే అందులోని ఛార్జి దాని గుండా ఖాళీ అవుతుంది. అత్యవసరంగా ఆపే బటన్ మోటార్లను మాత్రమే కాక స్పార్క్ సరఫరాను కూడా ఆపాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారిని ఈ యంత్రం దగ్గరికి రానీయవద్దు.

ఇక తీగ సంగతి. తీగ తెగుతోందంటే శక్తి చాలడం లేదని కాదు. ఒక్కొక్క స్పార్కులో శక్తి మితిమీరిందని, తీగకూ జాబ్‌కూ మధ్య ఉన్న గ్యాప్ మీ అదుపులో లేదని అర్థం. వోల్టేజీ పెంచితే ఈ రెండూ ఇంకా చెడతాయి.

తీగ జాబ్‌కు వందో వంతు మిల్లీమీటరు నుంచి అయిదు వందో వంతుల దగ్గరికి వచ్చినప్పుడు మధ్యలోని నీరు వోల్టేజీకి తట్టుకోలేక ఒక చోట చిట్లుతుంది. ఆ సన్నని దారిలో ఉష్ణోగ్రత 8,000 నుంచి 12,000 డిగ్రీల వరకు పోతుంది, అక్కడ లోహం చిన్న గుంటగా కరుగుతుంది. కరెంటు ఆగిన మరుక్షణం ఆ దారి కూలిపోయి, నీరు లోపలికి దూసుకొచ్చి కరిగిన చుక్కను బయటికి నెట్టేస్తుంది. అందుకే స్పార్క్ ఎంత ముఖ్యమో, దాని తర్వాత వచ్చే విరామమూ అంతే ముఖ్యం. విరామం చాలకపోతే చిట్లిన దారి ఇంకా వేడిగానే ఉండి, తర్వాతి కరెంటు కూడా అదే చోట ప్రవహిస్తుంది. దాన్ని స్పార్క్ అనకూడదు, అది ఆర్క్, అంటే వెల్డింగ్. తీగ మీద ఒకే చోట వెల్డింగ్ జరిగితే అది తెగక ఏమవుతుంది?

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. కెపాసిటర్‌లో నిలిచే శక్తి, దాని విలువను వోల్టేజీ వర్గంతో గుణించి సగం చేస్తే వస్తుంది. 100 మైక్రోఫారడ్లు, 60 వోల్టులకు అది 0.18 జౌళ్లు. 0.25 మి.మీ. ఇత్తడి తీగ ఒక మిల్లీమీటరు పొడవు తూగేది 0.42 మిల్లీగ్రాములు, గది ఉష్ణోగ్రత నుంచి దాన్ని పూర్తిగా కరిగించడానికి సుమారు 0.2 జౌళ్లు సరిపోతాయి. అంటే మీ ఒక్కొక్క స్పార్కులో ఉన్న శక్తి దాదాపు ఒక మిల్లీమీటరు తీగను కరిగించేంత. అదంతా తీగకే చేరదు, జాబ్‌కూ నీటికీ పంచుకుపోతుంది. అయినా బిగించి లాగి ఉన్న తీగకు అందులో చిన్న భాగం చాలు. దీనికి తోడు మీ 10 ఓంల రెసిస్టెన్స్ మరీ తక్కువ. స్పార్క్ నడిచేటప్పుడు గ్యాప్ మీద 25 వోల్టుల దాకా ఉంటుందనుకుంటే, కెపాసిటర్ ఖాళీ అయిన తర్వాత కూడా సరఫరా నుంచి నేరుగా మూడున్నర ఆంపియర్లు ఆగకుండా ప్రవహించగలవు. ఆ కరెంటే ఆర్క్‌ను ఆరనీయకుండా నిలబెడుతోంది.

కెపాసిటర్‌ను 1 మైక్రోఫారడ్‌కు తగ్గించి, రెసిస్టెన్స్‌ను 47 ఓంలకు పెంచండి. అప్పుడు నిండు ఛార్జిలో ఉండే శక్తి 1.8 మిల్లీజౌళ్లు, అంటే ఇప్పుడున్న దానిలో వందో వంతు. ఈ సర్క్యూట్‌లో గ్యాప్‌కు ఎక్కువ శక్తి చేరేది కెపాసిటర్ సరఫరా వోల్టేజీలో 72 శాతం దగ్గర, మీ సందర్భంలో 43 వోల్టుల దగ్గర ఉండగా గ్యాప్ చిట్లినప్పుడు. అలా నడిస్తే సెకనుకు సుమారు 17,000 స్పార్కులు వచ్చి, 15 వాట్ల దాకా గ్యాప్‌కు అందుతుంది. ఇది చిన్నదిగా కనిపించవచ్చు కానీ, పని నేర్చుకోవడానికి సరైన చోటు ఇదే. కెపాసిటర్ పాలీప్రొపిలీన్ ఫిల్ముది, పల్స్ పనికి తగినది కావాలి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ సెకనుకు వేల సార్లు ఖాళీ అయ్యే పనికి పుట్టలేదు. లోపలి రెసిస్టెన్స్ వల్ల వేడెక్కుతుంది, స్పార్క్ చివర వోల్టేజీ తిరగబడినప్పుడల్లా దెబ్బతింటుంది, కొన్నాళ్లకు పేలవచ్చు కూడా. గ్యాప్ షార్ట్ అయి నిలిచిపోతే 47 ఓంల రెసిస్టెన్స్ మీద 77 వాట్ల వేడి పుడుతుంది, కాబట్టి 100 వాట్ల అల్యూమినియం తొడుగు రకాన్ని హీట్‌సింక్ మీద బిగించండి. జాబ్‌కు పాజిటివ్, తీగకు నెగటివ్ కలిపారో లేదో కూడా చూసుకోండి. ఇంత చిన్న పల్సుల్లో పాజిటివ్ వైపే ఎక్కువ తరుగుతుంది. తారుమారైతే జాబ్‌కు బదులు తీగ కోసుకుపోతుంది.

నిజానికి ఈ సర్క్యూట్‌కు ఘనమైన చరిత్ర ఉంది. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలు బోరిస్ లాజరెంకో, నటాలియా లాజరెంకో దంపతులు, ఎలక్ట్రికల్ కాంటాక్టులు స్పార్కుల వల్ల తినేసుకుపోకుండా ఆపే మార్గం వెతుకుతూ, ఆ తినేసుకుపోవడాన్నే లోహాన్ని మలిచే పద్ధతిగా మార్చినప్పుడు వాడింది ఇలాంటి రెసిస్టెన్స్, కెపాసిటర్ జతనే. పెద్ద యంత్రాలు ఆ తర్వాత ట్రాన్సిస్టర్లతో పల్సులు కొట్టే పద్ధతికి మారాయి. మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు మాస్‌ఫెట్‌కు (వేగంగా స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్‌కు) మారవచ్చు. అప్పుడు కొన్ని మైక్రో సెకన్ల పల్సుతో, దానికి అనేక రెట్ల విరామంతో మొదలుపెట్టి, తీగ నిలబడేకొద్దీ విరామం తగ్గించుకుంటూ రండి. మొదటి కోత సక్రమంగా పూర్తయ్యేదాకా మాత్రం ఆ ఆలోచన పక్కన పెట్టండి, ఎందుకంటే అసలు లోపం జనరేటర్‌లో (స్పార్కులు పుట్టించే సర్క్యూట్‌లో) కన్నా ఫీడ్‌లో, అంటే కోతను ముందుకు నడిపే తీరులో ఉంది.

నిమిషానికి 2 మి.మీ. అని మీరు రాసిన చోటే నేను ఎక్కువసేపు ఆగాను. మిల్లింగ్ కట్టరు వేగాన్ని మనం నిర్ణయించవచ్చు, వైర్‌కట్ వేగాన్ని గ్యాప్ నిర్ణయిస్తుంది. 10 మి.మీ. మందంలో నిమిషానికి 2 మి.మీ. అంటే నిమిషానికి 20 చదరపు మిల్లీమీటర్ల కోత. 15 వాట్ల స్పార్కు దగ్గర అంత పని ఆశించకూడదు. ఆ మందంలో నిమిషానికి 1 మి.మీ. కన్నా తక్కువ వేగానికే సిద్ధపడండి. 120 మి.మీ. చుట్టుకొలత ఉన్న ఆకారం నిమిషానికి అర మిల్లీమీటరు చొప్పున నాలుగు గంటలు పడుతుంది. స్పార్కు తరిగే వేగం కన్నా టేబుల్ వేగంగా ముందుకు నెట్టితే తీగ జాబ్‌కు తగులుతుంది, షార్ట్ అవుతుంది, వెనక్కి వంగుతుంది, అక్కడే ఆర్క్ పట్టుకుంటుంది. మీ తీగ తెగే ముందు స్పార్కు చప్పుడు సన్నని నిలకడైన బుసలా కాకుండా బొంగురుపోయి, ఆగి ఆగి వినిపిస్తూ ఉండాలి. ఈసారి గమనించండి.

అందుకు కావలసినది గ్యాప్ వోల్టేజీని చూసి నడిచే ఫీడ్. తీగకూ జాబ్‌కూ మధ్య వోల్టేజీని రెండు రెసిస్టెన్సులతో తగ్గించి, చిన్న ఫిల్టరుతో సగటు తీసి, ఆప్టోకప్లర్ వంటి విడదీసే భాగం గుండా కంట్రోలర్‌కు ఇవ్వాలి. తీగ దూరంగా ఉంటే ఆ సగటు 60 వోల్టుల దగ్గర ఉంటుంది, షార్ట్ అయితే దాదాపు సున్నాకు పడిపోతుంది, స్పార్కులు సక్రమంగా నడిచేటప్పుడు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. మధ్యలో ఒక విలువను, మొదట 30 వోల్టులను, లక్ష్యంగా పెట్టుకోండి. సగటు దానికి పైన ఉంటే ముందుకు, కింద ఉంటే మెల్లగా, బాగా పడిపోతే వెనక్కి. వెనక్కి వెళ్లడం అంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం. గుండ్రని కోత మధ్యలో తీగ నేరుగా వెనక్కి జరిగితే పక్క గోడకు తగులుతుంది. త్రీడీ ప్రింటర్లతో వచ్చే సాధారణ కంట్రోలర్లు దారిని వెనక్కి నడపలేవు. యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్ లైనక్స్‌సీఎన్‌సీ కొత్త వెర్షన్లలో అడాప్టివ్ ఫీడ్‌కు (కోత నడుస్తుండగానే వేగం మార్చే అమరికకు) రుణ విలువ ఇస్తే జీ కోడ్ (యంత్రానికి ఇచ్చే కదలికల ఆదేశాలు) దారి మీదే వెనక్కి వస్తుంది, ఈ పనికి అది సరిగ్గా సరిపోతుంది. మీ బడ్జెట్‌లో ఒకే ఒక్క భాగానికి ఎక్కువ శ్రద్ధ పెట్టగలిగితే, అది ఇదే కావాలని నా గట్టి అభిప్రాయం. మంచి ఫీడ్ ఉంటే నాసి జనరేటరుతో కూడా కోత నడుస్తుంది. ఎంత గొప్ప జనరేటరైనా గుడ్డి ఫీడ్‌తో తీగను తెంపడం తప్ప ఏమీ చేయలేదు.

తెగిన తీగ ముక్కలను పారేయకండి. కనీసం పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద కొసను పరీక్షించండి. కొస సన్నగా సాగి మొనతేలి ఉంటే లాగుడు ఎక్కువైనట్టు. కొస కరిగి చిన్న గుండులా ముడుచుకుని ఉంటే ఆర్క్ పట్టినట్టు. కొస మామూలుగానే ఉండి, అంతకు ముందు కొన్ని సెంటీమీటర్ల మేర తీగ ఒక పక్క లోతైన గుంటలతో కొరికేసినట్టు కనిపిస్తే తీగ కదలిక చాలడం లేదని, ఒకే భాగం ఎక్కువసేపు స్పార్కుల ముందు నిలిచిందని అర్థం. తెగిన చోటు జాబ్ లోపల కాక కరెంటు అందించే కాంటాక్టు దగ్గరైతే కథ వేరు, అక్కడ తీగకూ కాంటాక్టుకూ మధ్యే స్పార్కు వస్తోంది. చేదతాడు ఒరుసుకుని బావి గట్టు రాతి మీద గాడి పడినట్టు, కొన్ని గంటల్లో కాంటాక్టు మీద కూడా సన్నని గాడి పడుతుంది. గాడి లోతైతే తీగ అందులో ఎగిరెగిరి తగులుతూ కాలుతుంది. కాంటాక్టుకు టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క పెట్టి, గాడి పడినప్పుడల్లా ఒక మిల్లీమీటరు పక్కకు జరపగలిగేలా బిగించండి. జాబ్‌కు పైనా కిందా రెండు చోట్లా, వీలైనంత దగ్గరగా కాంటాక్టు ఉండాలి. ఒక వైపు నుంచే కరెంటు ఇస్తే అదంతా తీగలో ఎక్కువ దూరం పోవాలి, ఆ మేరకు తీగ వేడెక్కుతుంది.

లాగుడు విషయానికి వస్తే, గట్టి ఇత్తడి తీగ చదరపు మిల్లీమీటరుకు 900 న్యూటన్ల వరకు తట్టుకుంటుంది. 0.25 మి.మీ. తీగకు లెక్కిస్తే చల్లగా ఉన్నప్పుడు 44 న్యూటన్లు, నాలుగున్నర కిలోల బరువంత. కోతలో తీగ వేడెక్కి, గుంటలు పడి బలహీనపడుతుంది కనుక అందులో నాలుగో, అయిదో వంతుకు మించి బిగించకండి. సుమారు 8 నుంచి 10 న్యూటన్లు, అంటే కిలో బరువు కన్నా కాస్త తక్కువ, మొదటికి మంచిది. బరువు కొలిచే స్ప్రింగ్ త్రాసు తీగకు తగిలించి నడుస్తున్నప్పుడే చూడండి. లాగుడు స్థిరంగా ఉండటం దాని విలువ కన్నా ముఖ్యం. తీగ చుట్ట జారినప్పుడల్లా కుదుపు వస్తే కోత గోడల మీద గీతలు పడతాయి. ఒకసారి వాడిన ఇత్తడి తీగను మళ్లీ ఎక్కించకండి. పెద్ద యంత్రాలు నిమిషానికి పది మీటర్ల వరకు తీగను ఖర్చు చేస్తాయి. ఆ లెక్కన దాదాపు 2,400 మీటర్లు ఉండే కిలో చుట్ట నాలుగు గంటల్లో అయిపోతుంది. మీ చిన్న శక్తికి నిమిషానికి రెండు మీటర్లు సరిపోతాయి, అదే చుట్ట ఇరవై గంటలు వస్తుంది. సెకనుకు 8 నుంచి 10 మీటర్ల వేగంతో డ్రమ్ము మీద అటూ ఇటూ నడిచే మాలిబ్డినం తీగ పద్ధతి కూడా ఉంది, దానిలో ఒకే తీగ రోజుల తరబడి పనిచేస్తుంది. ఆ డ్రమ్మును కుదుపు లేకుండా తిప్పి మళ్లించడం మొదటి యంత్రంతోనే తలకెత్తుకోవలసిన పని కాదు.

గైడ్లకు రంధ్రమున్న సిరామిక్ ముక్కలు పనిచేస్తాయి, నీలమణి లేదా కెంపు బేరింగులు ఇంకా మేలు. బాల్ బేరింగు పుల్లీల మీద తీగ నడుపుతున్నట్టయితే ఆ పుల్లీలను చట్రం నుంచి ప్లాస్టిక్‌తో విడదీయండి. లేకపోతే కరెంటు బేరింగు గోళీల గుండా దారి వెతుక్కుని వాటిని గుంటలు పెడుతుంది. జాబ్ బిగించే టేబుల్‌ను కూడా అలాగే చట్రం నుంచి విడదీయాలి. క్లాంపు కింద పెయింటు, తుప్పు, అనోడైజింగ్ పొర ఏదీ ఉండకుండా గీకండి. అక్కడ కరెంటు సరిగా అందకపోతే క్లాంపు దగ్గరే స్పార్కులు మొదలవుతాయి.

ఇక నీళ్లు, కిరోసిన్. కిరోసిన్ వద్దు. దాని ఆవిరి అంటుకోవడం సుమారు 38 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. వైర్‌కట్‌లో నీటి మట్టం తగ్గి స్పార్కు గాలిలోకి తేలడం తరచుగా జరిగే సంగతి. అచ్చు ఎలక్ట్రోడ్‌తో పనిచేసే ఈడీఎం (స్పార్కులతో లోహాన్ని తరిగే) యంత్రాల్లో నూనె వాడతారు నిజమే. అక్కడ నూనె వేరు, అది ఎక్కువ ఉష్ణోగ్రత దాకా అంటుకోదు. జాబ్ నూనెలో లోతుగా మునిగి ఉంటుంది, మట్టం తగ్గితే యంత్రం ఆగిపోతుంది, మంట ఆర్పే ఏర్పాటు యంత్రానికే ఉంటుంది. ఇంట్లో గంటల తరబడి స్పార్కులు నడిపే తొట్టికి నీళ్లే సరైనవి. నీళ్లతో కూడా యంత్రాన్ని వదిలి వెళ్లకండి.

అయితే కుళాయి నీళ్లు మీ యంత్రాన్ని మోసం చేస్తున్నాయి. కుళాయి నీటి వాహకత సెంటీమీటరుకు 500 మైక్రో సీమెన్స్ అనుకుందాం. మీ 10 మి.మీ. మందం కోతలో, తీగ ముందు 0.03 మి.మీ. గ్యాప్ ఉంటే, ఆ పలుచని నీటి పొర సుమారు 150 ఓంల రెసిస్టెన్స్‌లా పనిచేస్తుంది. అంటే స్పార్క్ లేకపోయినా కరెంటు కారిపోతూనే ఉంటుంది. 47 ఓంల గుండా ఛార్జి అయ్యే కెపాసిటర్ 60 వోల్టులకు బదులు 46 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. ఫీడ్ కంట్రోలరు ఆ తక్కువ వోల్టేజీని చూసి తీగ దగ్గరికి వచ్చిందని పొరబడుతుంది. అదే నీరు సెంటీమీటరుకు 10 మైక్రో సీమెన్స్ ఉంటే ఆ రెసిస్టెన్స్ 7,500 ఓంలు, లీకేజీ లెక్కలోకి రాదు. కనుక డీఅయనైజ్డ్ (కరిగిన లవణాలు తీసేసిన) నీళ్లు పోసి, 10 నుంచి 20 మైక్రో సీమెన్స్ మధ్య ఉంచండి. చవకైన టీడీఎస్ మీటరు చూపే పీపీఎం అంకె సుమారు అందులో సగం ఉంటుంది, కాబట్టి మీటరు 10 దాటితే నీళ్లు మార్చాలని గుర్తు పెట్టుకోండి. కోత సాగేకొద్దీ లోహం కరిగి వాహకత పెరుగుతూనే ఉంటుంది. పంపుకూ తొట్టికీ మధ్య అయిదు మైక్రాన్ల ఫిల్టరు, దాని తర్వాత నీటిలోని లవణాలను పట్టుకునే చిన్న మిక్స్‌డ్ బెడ్ రెజిన్ గొట్టం పెడితే నీళ్లు చాలాకాలం పనికొస్తాయి. ఫిల్టరు ముందే ఉండాలి. బురద రెజిన్‌కు చేరితే అది త్వరగా మూసుకుపోతుంది.

నీళ్లు తొట్టిలో ఉండడం చాలదు, కోతలోకి వెళ్లాలి. 10 మి.మీ. లోతున్న సన్నని చీలికలో స్పార్కు రాల్చిన మట్టి పేరుకుంటే ఆ రేణువుల మీదుగానే షార్టు పడుతుంది, మళ్లీ ఆర్క్. పైనా కిందా తీగ చుట్టూ నీళ్లు చిమ్మే నాజిల్‌ను జాబ్‌కు ఆనేంత దగ్గరగా పెట్టండి. వేగంగా కొట్టే ధార తీగను కంపింపజేస్తుంది, అందుకని మెత్తగా, ఆగకుండా ప్రవహించే నీళ్లే కావాలి. ఏకదిశ కరెంటు వల్ల నీటిలో విద్యుద్విశ్లేషణ కూడా జరుగుతుంది. పాజిటివ్ వైపున్న ఉక్కు తుప్పు పడుతుంది, తొట్టి నుంచి కొద్దిగా హైడ్రోజన్ వస్తుంది. కోత కాగానే జాబ్ తీసి, ఆరబెట్టి, నూనె రాయండి. గది గాలి ఆడేలా ఉంచండి. మెగ్నీషియం జోలికి వెళ్లకండి. అల్యూమినియం పొడి తడిగా ఉన్నంతసేపు హైడ్రోజన్ విడుదల చేస్తుంది, దాన్ని మూత బిగించిన డబ్బాలో దాచకండి. ఫిల్టరులో మిగిలే బురదలో క్రోమియం, నికెల్, కార్బైడ్ కోస్తే కోబాల్ట్ ఉంటాయి. దాన్ని చేతి తొడుగులతో తీసి విడిగా ఉంచి, హానికర వ్యర్థంగా అప్పగించాలి, కాలువలో పోయకూడదు.

చట్రం గురించి పెద్దగా భయపడనక్కర్లేదు. ఈ కోతలో కట్టరు ఒత్తిడి ఉండదు కనుక తేలికైన చట్రం సరిపోతుంది. కానీ మీ ఫీడ్ నిరంతరం ముందుకూ వెనక్కూ ఊగుతుంది కాబట్టి బ్యాక్‌లాష్ (దిశ మారినప్పుడు స్క్రూకూ నట్టుకూ మధ్య వదులు) ఉన్న స్క్రూ నేరుగా కోతలో తెలిసిపోతుంది. బ్యాక్‌లాష్ నివారించే నట్టు తప్పక పెట్టండి. పై చేయి, కింది చేయి రెండూ నీటి ప్రవాహానికి కదలకూడదు. స్పార్కుల విద్యుత్ రొద యూఎస్‌బీ కనెక్షన్‌ను తరచుగా తెంచుతుంది. షీల్డ్ ఉన్న తీగలు వాడి, స్పార్క్ కేబుళ్లను రెండూ కలిపి మెలేసి, వీలైనంత పొట్టిగా ఉంచండి.

ఇవన్నీ మార్చాక మొదటి కోత 10 మి.మీ. హార్డెన్డ్ స్టీలులో వద్దు. 1 మి.మీ. మెత్తని ఉక్కు రేకులో 20 మి.మీ. నిటారు గీత కోసి, ఫీలర్ గేజితో చీలిక వెడల్పు కొలవండి. 0.25 మి.మీ. తీగకు అది 0.30 నుంచి 0.35 మి.మీ. మధ్య రావాలి. అందులో సగం మీ ఆఫ్‌సెట్, అంటే తీగ మధ్య నుంచి కోత గోడ దాకా ఉన్న దూరం. తర్వాత 5 మి.మీ., ఆ తర్వాతే 10. మందం మారినప్పుడల్లా ఆఫ్‌సెట్ మళ్లీ కొలవండి. మధ్యలో బొక్క ఉన్న ఆకారానికి తీగ దూర్చే రంధ్రాన్ని హార్డెనింగ్‌కు ముందే డ్రిల్ చేయాలి. కోత పూర్తవబోతున్నప్పుడు తెగిపోయే ముక్క జారి తీగ మీద పడి షార్టు చేస్తుంది, కాబట్టి చివరి అర మిల్లీమీటరు మిగిల్చి యంత్రాన్ని ఆపి, అయస్కాంతంతో ముక్కను నిలబెట్టి మళ్లీ మొదలుపెట్టండి. హార్డెనింగ్ చేసిన దిమ్మలో అంచు నుంచి లోపలికి కోస్తూ పోతే లోపలి ఒత్తిడి విడివడి చీలిక మూసుకుపోవడమో, విచ్చుకోవడమో జరుగుతుంది. అలాంటి జాబ్‌లకు అంచు తెరవకుండా రంధ్రం నుంచే మొదలుపెట్టడం మంచిది.

చివరిగా 0.01 మి.మీ. సంగతి. చిన్న జాబ్‌లో, సర్దుబాటు బాగా కుదిరితే, ఇలాంటి యంత్రం నుంచి 0.02 నుంచి 0.05 మి.మీ. ఆశించవచ్చు. మూలల దగ్గర తీగ వెనక్కి వంగి ఉండడం వల్ల మూల కాస్త కోసుకుపోతుంది, అక్కడ ఫీడ్‌ను ఆపి తీగ నిటారు కావడానికి సమయం ఇవ్వాలి. 100 మి.మీ. ఉక్కు ముక్క అయిదు డిగ్రీల వేడి మార్పుకే 0.006 మి.మీ. పెరుగుతుంది, అందువల్ల తొట్టిలోని నీళ్లు జాబ్‌తో సమానమైన ఉష్ణోగ్రతకు వచ్చాకే కోత మొదలుపెట్టండి. మీ టూల్ స్టీలు పలక పంచ్, డై పనికైతే ఒకేసారి కొలతకు కోయకండి. గోడ మీద 0.03 మి.మీ. వదిలి కోసి, తక్కువ కెపాసిటెన్స్‌తో రెండోసారి గోడను ఒరుసుకుంటూ తీగను నడిపి, మిగిలినది సన్నని నూనెరాయితో చేత్తో సరిచేసుకోండి. స్పార్కు కరిగించి మళ్లీ గడ్డకట్టించిన పెళుసు పొర, దానిలోని సన్నని పగుళ్లతో సహా, ఆ రాయితోనే పోతుంది.